శ్రీశైల పాదయాత్ర: తొలి అడుగు ఇంటి వాకిట పడాలి

మాఘమాసం ప్రవేశించగానే రాయలసీమలోను, పాలమూరు, ప్రకాశం ప్రాంతాలలోను మల్లన్న కొండకు కాలినడకన వెళ్ళే వారి సన్నాహాలు ఆరంభమవుతాయి. బృందంలో ఎవరెవరున్నారు, బయలుదేరే తిథి ఏది, వంట సామగ్రి ఎవరు తేవాలి, తిరుగు ప్రయాణానికి బస్సు దొరుకుతుందా అన్న చర్చలు ఇంటింటా సాగుతాయి. ఇన్ని చర్చల నడుమ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినబడదు. నడవవలసిన ఈ శరీరం నడకకు సిద్ధంగా ఉన్నదా?

ఏడాదిలో పదకొండు నెలలు కుర్చీలో కూర్చొని పనిచేసే ఉద్యోగి, కూరగాయల బజారుకు సైతం స్కూటరు మీద వెళ్ళే గృహస్థు, వంటింటికి, వరండాకు మధ్య తప్ప నడక ఎరుగని ఇల్లాలు, శివరాత్రికి రెండు రోజుల ముందు నల్లమల అడవిలో అడుగుపెడుతున్నారు. ఆత్మకూరు సమీపాన వెంకటాపురం నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం చేరే ఆ మార్గం సుమారు 40 కిలోమీటర్లు. అందులోనూ కడపటి ఘట్టం అన్నిటికంటె కఠినమైనది. కాళ్ళలో సత్తువ ఉడిగిపోయిన వేళ భీముని కొలను లోయలోకి మెట్లు దిగాలి, వెంటనే ఆవలి గట్టున నిటారుగా మెట్లు ఎక్కాలి. మోకాళ్ళను బాధించేది ఎక్కడమేనని చాలామంది భావిస్తారు. నిజానికి కీళ్ళపై అధిక భారం పడేది దిగేటప్పుడే.

"మా తాత ముత్తాతలు నడవలేదా?" అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. వారు ఏటా ఒకసారి నడిచినవారు కారు, ప్రతిదినమూ నడిచినవారు. పొలానికి, సంతకు, చుట్టాల ఊరికి నడిచిన కాళ్ళకు శ్రీశైలం మరికొంత దూరం మాత్రమే. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుండి వందల కిలోమీటర్లు నడచివచ్చే కన్నడ భక్తులలో నేటికీ సేద్యం చేసుకొనే వారు ఎందరో ఉన్నారు. రోజుకింతని దూరం నిర్ణయించుకొని, మజిలీలు చేసుకొంటూ వస్తారు. మనం వారి పట్టుదలను చూస్తున్నామే గాని ఆ పట్టుదల వెనుక ఉన్న దేహ పరిశ్రమను చూడటం లేదు.

మన పూర్వులు ప్రణాళిక లేకుండా ప్రయాణించారనుకోవటం కూడా సరికాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరి, దారిలో శ్రీశైలాన్నీ దర్శించారు. ఆయన గ్రంథం తిరగవేస్తే, ప్రతి మజిలీలో నీటి వసతి ఎటువంటిది, ఏ ఊళ్ళో ఏ పదార్థం దొరుకుతుంది, ఎక్కడ బస చేయవచ్చు అన్న వివరాలే అడుగడుగునా కనిపిస్తాయి. ఆయనది పల్లకీ ప్రయాణం. పల్లకీలో వెళ్ళినవారే అంత జాగ్రత్త వహించగా, కాలినడకన వెళ్ళే మనకెంత జాగ్రత్త ఉండాలి!

ఇక శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. బలవంతులు, స్నిగ్ధమైన ఆహారం తీసుకొనేవారు, శీతకాలంలోను వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ చేయాలని అష్టాంగహృదయంలో వాగ్భటుడు విధించాడు. ఈ ఒక్క వాక్యంలో పాదయాత్రికునికి కావలసినదంతా ఉన్నది. మహాశివరాత్రి శిశిర ఋతువులో వస్తుంది, ఉగాదితో వసంతం మొదలవుతుంది. అనగా మన పెద్దలు నడకకు ఎంచుకొన్న కాలం శాస్త్రసమ్మతమే. అయితే ఫాల్గుణానికే సీమ ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఉదయం పది గంటల తరువాత, సాయంత్రం నాలుగు గంటల లోపు నడక మానటం తప్పనిసరి.

"సగం శక్తి" అన్నది ఎట్లా తెలుస్తుంది? నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టటం, నోరు ఎండటం దానికి గుర్తులని ఆయుర్వేదం చెబుతున్నది. అప్పుడు ఆగాలి. ఆగితే బృందం ముందుకు వెళ్ళిపోతుందన్న బెంగతో, నలుగురూ నవ్వుతారన్న సంకోచంతో, రొప్పును అణచుకొని నడిచేవారిని ఏటా చూస్తూనే ఉన్నాము. అణచరాని వేగాలు పదమూడింటిని చెప్పిన వాగ్భటుడు శ్రమ వలన కలిగే శ్వాసను కూడా వాటిలో చేర్చాడు. దానిని నిరోధిస్తే గుల్మం, హృద్రోగం, సమ్మోహం కలుగుతాయని, విశ్రాంతియే దానికి హితమని చెప్పాడు. మూత్రవేగమూ ఆ జాబితాలోనిదే. దారిలో మరుగు ఉండదని స్త్రీలు ఉదయం నుండి నీరు త్రాగక నడవటం పరిపాటి అయినది. నిర్వాహకులు తమ బృందంలోని స్త్రీలకు ఈ ఏర్పాటు చేయలేకపోతే వారిని పిలవటమే తప్పు అని నా నిశ్చితాభిప్రాయం.

స్నిగ్ధాహారం తినేవారికే వ్యాయామమని శాస్త్రం చెబుతుండగా, ఉపవాసంతో నడక సాగించటం ఎంతవరకు సబబు? ఉపవాసమూ పుణ్యమే, పాదయాత్రా పుణ్యమే. రెండింటినీ ఒకే దినాన శరీరం మీద మోపటం మాత్రం యుక్తం కాదు. చతుర్దశి నాటికి కాక త్రయోదశి సాయంకాలానికే క్షేత్రం చేరేటట్లు బయలుదేరండి. ఆనాడు తేలికగా భుజించి నిద్రించి, మరునాడు ఉపవాస జాగరణలు నిశ్చలంగా జరుపుకోండి. ఒక్కరోజు ముందు బయలుదేరినందున సెలవు ఒకటి అధికంగా పోతుంది, అంతే.

శివదీక్ష స్వీకరించేవారికి మండలకాలం ఎలాగూ ఉన్నది. ఆ దీక్షాదినాలలోనే నడక అభ్యాసం జరగాలన్నది నా ప్రధాన సూచన. చన్నీటి స్నానం, ఏకభుక్తం, భూశయనం పాటించేవారు ఉదయం నడకను ఎందుకు పాటించరాదు? మొదటి వారం దినానికి 3 కిలోమీటర్లు చాలు. క్రమంగా పెంచుతూ, నాలుగవ వారానికి 8కి రావాలి. అయిదవ వారంలో ఒక ఆదివారం 15 కిలోమీటర్లు నడచి చూడాలి. యాత్రలో మోయదలచిన సంచిని ఆనాడు మోయాలి, తినదలచిన పదార్థాన్నే ఆనాడు తినాలి. వారానికి రెండుసార్లు మెట్లు ఎక్కి దిగాలి. బయలుదేరటానికి ముందు నాలుగు రోజులు నడక తగ్గించాలి. ఆ ఆదివారం పరీక్షలో తేలినవాడే అడవి దారి పట్టాలి, తేలనివాడు బస్సులో వెళ్ళాలి. బస్సులో వెళ్ళినవానికి మల్లికార్జునుడు దర్శనం నిరాకరించడు.

పాదరక్షల విషయం సున్నితమైనది. పాదరక్షలు ధరించటం కన్నులకు, పాదాలకు హితమని చరక సంహిత చెబుతున్నది. అయినా చెప్పులు విడిచి నడవటం భక్తుల నియమం, దానిని నేను తక్కువ చేయను. కాని మధుమేహం ఉన్నవారి మాట వేరు. వ్యాధి పాతదైన కొలదీ పాదాలలో స్పర్శజ్ఞానం క్షీణించవచ్చు. కాలిన రాయి కాలినట్లు తెలియదు, ముల్లు గుచ్చుకొన్నట్లు తెలియదు. ఆ చిన్న పుండు మానక, చీముపట్టి, చివరకు వేలు, పాదం తీసివేసే వరకు వెళ్ళిన సందర్భాలు వైద్యులందరికీ పరిచితమే. ఇటువంటివారు మెత్తని పాదరక్షలు ధరించే నడవాలి, రాత్రి పాదాలను దీపం వెలుగులో ఇంట్లోవారి చేత పరీక్షింపజేసుకోవాలి. దీక్ష ఇచ్చే గురుస్వాములు ఈ మినహాయింపును తామే ముందుగా ప్రకటిస్తే ఎందరి కాళ్ళో నిలుస్తాయి.

దీనికంటె ప్రమాదకరమైనది దీక్షలో మందులు మానివేయటం. మధుమేహానికి, రక్తపోటుకు వాడే మాత్రలను "స్వామి చూసుకుంటాడు" అని పక్కన పెట్టేవారున్నారు. మరికొందరు మాత్ర వేసుకొని భోజనం మానుతారు. మొదటిదాని వలన చక్కెర, రక్తపోటు పెరుగుతాయి. రెండవదాని వలన చక్కెర హఠాత్తుగా పడిపోయి, వణుకు, చెమటలు, మైకం కమ్ముతాయి. అడవి మధ్యలో ఇది ప్రాణాంతకం. ఆయుర్వేద పత్రికలో ఈ మాట వ్రాస్తున్నందుకు కొందరు ఆశ్చర్యపడవచ్చు గాని, వాడుతున్న మందును ఏ కషాయాన్ని నమ్ముకొని కూడా స్వయంగా ఆపరాదు. దీక్షకు ముందే తమ వైద్యుని కలిసి, మితాహార దినాలలోను నడక దినాలలోను మోతాదు ఎంత ఉండాలో వ్రాయించుకోవాలి. జేబులో బెల్లం ముక్క ఉంచుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమచేతికి పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే అది వాయువని శొంఠి నీళ్ళు త్రాగిస్తూ కాలయాపన చేయవద్దు. దగ్గరలోని వైద్య శిబిరానికి మోసుకొని వెళ్ళండి.

ఇంటి వైద్యానికి తగిన చోటు లేకపోలేదు. పేలాలు తేలికగా జీర్ణమై దప్పికను తీరుస్తాయి, పేలపిండి, బెల్లం, నువ్వుల ఉండలు సంచిలో చెడవు. ఉప్పు, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగ ఎండకు మంచిది, కాని నిలవ మజ్జిగ త్రాగరాదు. విరేచనాలు పట్టుకొంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగాలి. రాత్రి మజిలీలో పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, నువ్వుల నూనెతో మర్దన చేసుకొంటే కలిగే సుఖం అనుభవించినవారికే ఎరుక. పొక్కులను సూదితో పొడవవద్దు, శుభ్రమైన గుడ్డ చుట్టండి.

ఆ దారి పులుల అభయారణ్యం గుండా వెళుతుంది. అటవీ శాఖవారు అనుమతించిన దినాలలో, అనుమతించిన వేళలలో మాత్రమే, గుంపు విడవక నడవాలి. నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ పారవేయక వెనుకకు తేవాలి.

దర్శనమైన రాత్రే కారు నడుపుకొంటూ ఊరు చేరాలనే తొందర కూడా కొందరిలో కనబడుతున్నది. రెండు దినాలు నడచి, ఒక రాత్రి జాగరణ చేసిన మనిషి ఘాట్ రోడ్డుపై చక్రం పట్టరాదు. ఒక పూట నిద్రపోయి బయలుదేరండి. ఇల్లు చేరిన పిదప మూడు దినాలు పెసరకట్టు, పలుచని చారు, నెయ్యితో తేలికైన భోజనం, శరీరానికి తైలాభ్యంగనం, పాదాలకు ప్రతి సాయంత్రం పరీక్ష జరపండి.