వరద వచ్చాక రేడియో పట్టుకొచ్చేవాళ్లు కాదు, మన ఊళ్లోనే ఆపరేటర్ కావాలి

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. కానీ చదవకుండా "ముందు టవర్ కావాలి" అని ఒక్క ముక్క కామెంట్ పెట్టి వెళ్లిపోకండి.

మొన్న ఒక తమ్ముడు ఇక్కడ హామ్ రేడియో గురించి అడిగితే వచ్చిన జవాబులు చూశాను. అది సిటీలో డబ్బున్నోళ్ల సరదా అని ఒకరు. ఏజెన్సీలో వైర్‌లెస్ సెట్ పట్టుకుంటే ఏమవుతుందో తెలుసా అని ఇంకొకరు. మిగతావాళ్లు "5జీ రోజుల్లో రేడియో ఏంటన్నా" అని నవ్వారు. నవ్వే ముందు 2022 జూలై ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అంటే ఆ గీత మీద ఇంకా 18 అడుగుల నీళ్లు. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత వరద మళ్లీ అప్పుడే చూశాం. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. శబరి నీళ్లు గోదావరిలోకి పోలేక వెనక్కి తన్ని కూనవరం, వీఆర్ పురం, చింతూరు, ఎటపాక వైపు ఊళ్లకు ఊళ్లు మునిగాయి. కరెంటు పోయింది, దాంతోపాటే సిగ్నల్ పోయింది. ఏ గుట్ట మీద ఎంతమంది ఉన్నారు, వాళ్లలో నెలలు నిండిన ఆడవాళ్లు ఎందరు, బీపీ మాత్రలు అయిపోయిన ముసలోళ్లు ఎందరు అనేది బయటికి తెలియాలంటే ఎవరో ఒకరు ప్రాణాలకు తెగించి పడవెక్కి రావాలి. ఇదీ మన 5జీ.

ఎందుకిలా అవుతుందో కూడా చెప్పుకోవాలి. ఫోన్ ఒంటరిగా పని చేయదు. టవర్ ఉండాలి, టవర్‌కి కరెంటు ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ అయిపోతే జనరేటర్‌కి డీజిల్, ఆ డీజిల్ తేవడానికి రోడ్డు. ఇవన్నీ ఉన్నా ఫైబర్ ఎక్కడో తెగితే అంతే. ఇందులో ఒక్కటి పోయినా మన చేతిలో ఉన్నది టార్చిలైటే. హామ్ సెట్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఇటు ఒక సెట్, అటు ఒక సెట్, 12 వోల్టుల బ్యాటరీ, ఒక తీగ. మధ్యలో కంపెనీ లేదు, బిల్లు లేదు.

"మా కొండల్లో పని చేయదు" అన్నవాళ్ల మాటలో సగం నిజం ఉంది. చేత్తో పట్టుకునే సెట్లు, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దగ్గర పని చేసేవి, కొండ అడ్డం వస్తే ఆగిపోతాయి. ఎత్తైన చోట రిపీటర్ పెట్టాలి. కానీ 7 మెగాహెర్ట్జ్ సంగతి వేరు, హామ్‌లు దాన్ని 40 మీటర్ల బ్యాండ్ అంటారు. దాదాపు 20 మీటర్ల రాగి తీగను మధ్యకి తెంపి, అక్కడ కేబుల్ కలిపి, రెండు వెదురు బొంగుల మధ్య రెండు మనుషుల ఎత్తులో కడితే చాలు. తరంగం నిటారుగా పైకి పోయి, అయనోస్ఫియర్‌కి తగిలి, గొడుగు విప్పినట్టు చుట్టూ వందా రెండొందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. పైనుంచి దిగేదానికి కొండ అడ్డమేముంది? రాత్రి పూట అది సరిగ్గా అందకపోతే 3.5 మెగాహెర్ట్జ్‌కి దిగాలి, దానికి తీగ రెండింతలు పొడుగు కావాలి. ఈ సంగతులు వరద రోజున నేర్చుకునేవి కావు. వారం వారం ఒకే టైముకి సెట్ ఆన్ చేసి పక్క మండలంతో మాట్లాడుకుంటే వస్తాయి.

అసలు నా గొడవ ఇక్కడుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖ అంత నగరమే మూగబోయింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి హామ్ ఆపరేటర్లు వచ్చి పని చేశారు. జీతం లేని పని, వాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ అప్పుడు పాడేరు, అరకు వైపు సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ తోటలు నాశనమైన సంగతి మనకు తెలుసు. బయటినుంచి వచ్చే వాలంటీరు రోడ్డు ఉన్నంత వరకే రాగలడు. అది అతని తప్పు కాదు. రోడ్డు తెగిన అవతల ఉండేది మనం. ఆ అవతల ఒక సెట్, దాన్ని వాడటం తెలిసిన ఒక మనిషి ముందే ఉండకపోతే ఇవతల ఎన్ని సెట్లున్నా మాట్లాడేదెవరితో?

ముందే ఉండటం అంటే ఏంటో 2004 సునామీ చూపించింది. భారతి ప్రసాద్ అనే హామ్ ఆపరేటర్, ఆమె బృందం ఆ డిసెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. విపత్తు కోసం వెళ్లలేదు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడాలని వెళ్లారు, అంటే మనోళ్లు అన్న ఆ "సరదా" కోసమే. 26న సునామీ వచ్చి ఫోన్లు పోతే ఆ సరదా సెట్లే దీవుల వాళ్ల క్షేమ సమాచారం బయటికి పంపాయి. ఆమె సునామీ వార్త విని బయల్దేరి ఉంటే ఎన్ని రోజులు పట్టేదో ఆలోచించండి.

వరద లేని రోజుల్లో క్లబ్ ఏం చేస్తుంది అని అడుగుతారు. పశ్చిమ బెంగాల్ రేడియో క్లబ్ వాళ్లు గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవాళ్లను ఇంటివాళ్ల దగ్గరికి చేరుస్తారు. మనకు రెండేళ్లకోసారి మేడారం ఉంది. జనం కిక్కిరిసిన చోట ఫోన్ కలవక, తప్పిపోయిన పిల్లల కోసం తల్లులు జంపన్నవాగు చుట్టూ తిరుగుతుంటారు. అక్కడ కోయ మాట్లాడే మన ఆపరేటర్లు పది చోట్ల నిలబడితే ఎంత పని జరుగుతుందో లెక్కేసుకోండి. ఇంకో సంగతి, భాష. గుట్ట మీద ఉన్న అవ్వ కోయలోనో కువిలోనో చెప్పింది అర్థం చేసుకుని, కంట్రోల్ రూముకి తెలుగులో చెప్పేది ఎవరు? సిటీ క్లబ్ మెంబర్ చేయలేడు, ఎంత మంచివాడైనా.

ఇక భయం సంగతి. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. మన పిల్లాడి చేతిలో సెట్ కనిపిస్తే పోలీసులు ఒకలా చూస్తారు, ఇంకొకళ్లు ఇంకోలా చూస్తారు, మధ్యలో నలిగేది వాడూ వాడి ఇల్లూ. అందుకే ఎవరికి వారు ఆన్‌లైన్‌లో చవక వాకీటాకీ కొనే పని చేయొద్దు. లైసెన్స్ లేకుండా వాడితే కేసే. కానీ హామ్ రేడియో అసలు స్వభావం చూడండి. కేంద్రం పెట్టే పరీక్ష పాసవ్వాలి, వెరిఫికేషన్ ఉంటుంది, వీయూ3తోనో వీయూ2తోనో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు, మాట్లాడేటప్పుడు దాన్ని పైకి చెప్పాలి. రహస్య సంకేతాలు వాడకూడదు, అందరూ వినగలిగేలా మామూలు మాటే మాట్లాడాలి. వ్యాపారం మాటలు కుదరవు. ఇంత బహిరంగమైన దాన్ని అనుమానించేవాళ్లు, రాత్రీ పగలూ మన వాట్సాప్ చూసి ఎందుకు ఊరుకుంటున్నారు?

కాబట్టి సెట్ మనిషి పేరున దాచుకునేది కాకూడదు. కాలేజీలోనో ఆశ్రమ పాఠశాలలోనో క్లబ్ స్టేషన్‌గా ఉండాలి. ఐటీడీఏ పీవో సంతకంతో, పోలీసు ఆఫీసుకి సభ్యుల జాబితా ఇచ్చి, గోడ మీద బోర్డు పెట్టి నడపాలి. హెచ్‌ఎఫ్ సెట్ ఖరీదు కూడా ఒక స్టూడెంట్ కొనగలిగేది కాదు. ఒక్కరోజు అవగాహన సదస్సు పెట్టి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు పంచి, సెట్లు మళ్లీ కారులో వేసుకుపోయే కార్యక్రమాలు మనకొద్దు. అలాంటివి చాలా చూశాం, ఒక్క రేడియో గురించే కాదు. సెట్ ఇక్కడ ఉండాలి, నేర్పేవాళ్లు ఆర్నెల్లు వచ్చిపోవాలి, పుస్తకం తెలుగులో కావాలి, పరీక్ష పాడేరులోనో భద్రాచలంలోనో పెట్టాలి.

టవర్ల పోరాటం మానేయమని ఎవరూ అనలేదు. ఆ వరద తగ్గిన కొద్ది రోజులకే, అదే జూలై 27న, సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇస్తామని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. రావాలి, మన లెక్క మనం అడగాలి. కానీ గోదావరి మూడో హెచ్చరిక దాటిన రోజు ఆ టవర్‌కి కూడా కరెంటు ఉండదు. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదిలేయమనేది మనల్ని ఒకే అర్జీకి సరిపెట్టాలని చూసేవాళ్ల మాట.

పరీక్ష అంటే భయపడకండి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు. ఓమ్ సూత్రం, కెపాసిటర్, ట్రాన్సిస్టర్ ఇంటర్ ఫిజిక్స్‌లో చదివినవే, మిగతాది రూల్స్. బాలికల ఆశ్రమ పాఠశాలల్లో చదివే మన చెల్లెళ్లు ముందుకొస్తే ఇంకా మంచిది, పండక్కి ఊరెళ్లినా ఇంటి దగ్గర ఉండి ఊరిని పట్టించుకునేది వాళ్లే.

ఐటీడీఏకి ఇచ్చే అర్జీ రాసి పెట్టాను, రేపు ఇక్కడే పోస్ట్ చేస్తా, తప్పులుంటే దిద్దండి. కోయ, కువి, సవర, ఆదివాసీ ఒరియాలో ఏదైనా ధారాళంగా మాట్లాడేవాళ్లు, ఫిజిక్స్ చదివినవాళ్లు కింద మండలం పేరు, ఊరి పేరు రాయండి. ఫోన్ నంబర్లు కామెంట్లలో పెట్టొద్దు. వానలు మొదలయ్యేలోపు మండలానికి కనీసం ఇద్దరి పేర్లు రావాలి. కూనవరం, వీఆర్ పురం వాళ్లు ముందు రాయండి.