168 గంటల లెక్క

పొద్దున్న ఏడున్నరకి సాగర్ రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. ఎల్బీనగర్ దాటి బీఎన్‌రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగుళూరు గేటు మీదుగా ఒకదాని వెనక ఒకటి కాలేజీ బస్సులు! కిటికీ పక్కన కూచున్నవాళ్లలో కొందరు కునికిపాట్లు పడుతుంటారు. కొందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంకొందరు ఒళ్లో రికార్డు పెట్టుకుని నిన్నటి ప్రయోగం ఇవాళ రాస్తుంటారు. అందరి ప్రయాణమూ ఇబ్రహీంపట్నం వైపే.

పాతికేళ్ల కిందట ఆ ఊరి పేరు చెబితే పెద్దచెరువు గుర్తొచ్చేది. ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీలు గుర్తొస్తాయి. మంగళ్‌పల్లిలో సీవీఆర్, ఖానాపూర్‌లో గురునానక్ కాలేజీలు 2001లోనే మొదలయ్యాయి. శేరిగూడ దాకా చుట్టుపక్కల ఊళ్ల పేర్లన్నీ కాలేజీల చిరునామాలైపోయాయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, అంతకుముందు ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలు కూడా ఈ దారి పట్టారు.

సీటొచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ పండగే. అసలు ప్రశ్న రెండో నెలలో మొదలవుతుంది. క్లాసులు, ల్యాబులు, అసైన్‌మెంట్లు ఒకవైపు. ఫెస్టులు, క్లబ్బులు, కొత్త స్నేహాలు మరోవైపు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పాటో, నాట్యమో, బొమ్మలు గీయడమో ఇంకోవైపు. అన్నీ కుదురుతాయా? ఏదో ఒకటి వదులుకోవాల్సిందేనా?

బెల్లు కొట్టేవాళ్లు లేరు!

ఈ ప్రశ్న మన పిల్లలకే ఎందుకింత కష్టమవుతోందో తెలియాలంటే ఇంటర్ రోజుల్లోకి వెళ్లాలి. తెల్లారకముందే నిద్ర లేపేది వార్డెను. ఎప్పుడు తినాలో చెప్పేది బెల్లు. ఏ గంటలో ఏ సబ్జెక్టు చదవాలో నిర్ణయించేది కాలేజీ. రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా కుర్చీ కదలకూడదు. రెండేళ్లపాటు వాళ్ల రోజుని వాళ్లు ఒక్కసారి కూడా తయారుచేసుకోలేదు. పదో తరగతి సెలవుల్లో ఆగిన సంగీతం క్లాసు మళ్లీ మొదలవలేదు. గజ్జెలు అటకెక్కాయి. రంగుల డబ్బా ఎండిపోయింది.

అలాంటి పిల్లల్ని హఠాత్తుగా ‘నీ ఇష్టం, నీ టైమ్’ అంటూ వదిలేస్తే ఏమవుతుంది? రెండు దారులు కనిపిస్తాయి. కొందరు ఇంటర్‌లాగే తల దించుకుని చదువుతూ ఎవరితోనూ కలవరు. నాలుగేళ్లయ్యాక చేతిలో మార్కులుంటాయిగానీ ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ఇంకొందరు మొదటి వారంలోనే డ్యాన్స్ టీమ్, డ్రామా టీమ్, ఫొటోగ్రఫీ, కోడింగ్... కనిపించిన ప్రతి క్లబ్బులో పేరు రాయించేస్తారు. మొదటి మిడ్ పరీక్షలు వచ్చేసరికి ఏ పుస్తకమూ తెరిచి ఉండరు. ఇద్దరికీ తెలివితేటలకేం లోటు లేదు. తమ రోజుని తాము నడుపుకోవడం ఎవరూ నేర్పలేదు, అంతే.

22 రోజుల ఖాతా

ముందు నిబంధనల సంగతి చూద్దాం. చాలామందికి ఇవి డిటెన్షన్ జాబితా గోడకెక్కాకగానీ తెలియవు. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీల్లో పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు తప్పనిసరి. అనారోగ్యం లాంటి సరైన కారణం ఉంటే 65 శాతం దాకా మినహాయింపు ఇవ్వొచ్చు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే.

దీన్ని రోజుల్లోకి మార్చి చూడండి. సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే 68 రోజులు క్లాసులో ఉండాలి. మిగిలేది 22 రోజులు. ఖాతాలో అంతే నిల్వ! అందులోంచే జ్వరానికి ఇవ్వాలి, అక్క పెళ్లికి ఇవ్వాలి, బతుకమ్మకు రెండ్రోజులు ముందే ఊరెళ్లడానికి ఇవ్వాలి. ఫెస్ట్ రిహార్సళ్లకి పది రోజులు ధారపోస్తే సెమిస్టరు చివర్లో నిజంగా జ్వరమొచ్చినప్పుడు ఖాతా ఖాళీ.

మార్కుల సంగతీ అంతే. 2022లో వచ్చిన ఆర్22 నిబంధనల్లో నూటికి 40 మార్కులు కాలేజీలో వేసే ఇంటర్నల్స్‌వి, 60 సెమిస్టరు చివరి పరీక్షవి. అంటే చివరి నెలలో రాత్రింబవళ్లు చదివి గట్టెక్కే రోజులు పోయాయన్నమాట. మొదటి వారం నుంచి రోజూ కొంచెం చదివేవాళ్లకే ఈ పద్ధతి అనుకూలం.

టైమ్ ఎక్కడికి పోతోంది?

‘టైమే లేదు’ అనని విద్యార్థి ఉండడు. నిజంగానే లేదా? వారానికి 168 గంటలు. ఓ పాత నోటుబుక్కు తీసి లెక్క రాద్దాం.

రోజుకి ఎనిమిది గంటల నిద్ర... వారానికి 56. ఆరు రోజులు, రోజుకి ఏడు గంటలు కాలేజీ... 42. సిటీ నుంచి వచ్చిపోయేవాళ్లకి బస్సులో రోజుకి మూడు గంటలు... 18. స్నానం, తిండి, బట్టలు వగైరాలకి రోజుకి రెండున్నర చొప్పున పదిహేడున్నర. ఇంటి దగ్గర చదువుకి రోజుకి రెండు గంటలు, ఆదివారం నాలుగు... 16. మొత్తం కలిపితే నూట నలభై తొమ్మిదిన్నర. మిగిలింది పద్దెనిమిదిన్నర గంటలు!

ఇందులోంచి రోజుకి రెండు గంటలు ఫోనుకి తీసేయండి. అది 14. ఇక చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. రోజుకి మూడు గంటలు ఫోన్లో ఉంటే లెక్క అప్పుల్లోకి పోతుంది. ఆ అప్పుని నిద్రలోంచో, చదువులోంచో తీరుస్తారు.

చూశారా! నాట్యం వదిలేయాల్సి వచ్చింది చదువు వల్లనే అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. మార్కులు తగ్గింది నాట్యం వల్లనే అని కాలేజీవాళ్లు అనుకుంటారు. లెక్క చూస్తే చాలాసార్లు దొంగ మూడోవాడు. ఫోను ఒక్క గంట తగ్గిస్తే వారానికి ఏడు గంటలు వెనక్కి వస్తాయి. రోజుకి అరగంట సాధన చేసుకుని, ఆదివారం గురువుగారి దగ్గరికి వెళ్లి రావడానికి అది చాలు. బస్సు ప్రయాణం కూడా పూర్తిగా వృథా ఏమీ కాదు. నేర్చుకున్న కీర్తన వింటూ మనసులో తాళం వేసుకోవచ్చు. లేదా హాయిగా నిద్రపోవచ్చు. నిద్ర కూడా పనే!

హాస్టల్లో ఉండేవాళ్లకి ఆ 18 గంటలూ మిగలాలి. కానీ గది కబుర్లు ఎంత పొడుగ్గా సాగుతాయో ఆ రుచి తెలిసినవాళ్లకే ఎరుక.

కళ సిలబస్‌లోనే ఉంది

‘ఇంజినీరింగ్‌లో చేరి పాటలేంటి?’ అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2011లో ఐఐటీ గాంధీనగర్ కొత్త విద్యార్థులకు అయిదు వారాల ఫౌండేషన్ కార్యక్రమం మొదలుపెట్టింది. పాఠాలకు ముందు కళలు, ఆటలు, సమాజంతో పరిచయం! తర్వాత ఏఐసీటీఈ ఇంజినీరింగ్ కాలేజీలకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం రూపొందించింది. అందులో ఒంటికి వ్యాయామం, స్థానిక ప్రాంతాల సందర్శన, మానవ విలువలతో పాటు ఏదో ఒక కళను ఎంచుకుని సాధన చేయడం కూడా భాగమే. 2020 జాతీయ విద్యావిధానం మరో అడుగు వేసి, మంచి చదువంటే 64 కళలు తెలియడమని బాణభట్టుడి ‘కాదంబరి’ని గుర్తుచేసింది. కాబట్టి ఆ మూడు వారాల్ని ‘క్లాసులు ఇంకా మొదలవలేదు’ అంటూ ఇంట్లో గడిపేస్తే నష్టం మీకే.

ఇక ఎంత మోతాదు? దీనికో మంచి కొలత ఎన్ఎస్ఎస్‌లో ఉంది. గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఈ పథకంలో వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. వారాలకి పంచితే వారానికి రెండు గంటల ఇరవై నిమిషాలు కూడా రాదు. అంత కొంచెంతోనే ఊళ్లో మొక్కలు నాటుతారు, రక్తదాన శిబిరాలు నడుపుతారు. ఏ వ్యాపకానికైనా ఆ కొలత సరిపోతుంది. మొదటి ఏడాది ఒక కళ, ఒక క్లబ్బు చాలు. మూడోది కావాలంటే ముందున్న రెండింట్లో ఒకటి వదలాలి.

శాస్త్రీయ కళలంటే ఇష్టమున్నవాళ్లకి స్పిక్ మేకే ఉంది. 1977లో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ ప్రారంభించిన ఈ ఉద్యమం పెద్ద పెద్ద విద్వాంసుల్ని కాలేజీలకే తీసుకొస్తుంది. మీ కాలేజీలో లేకపోతే నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌ని అడగొచ్చు.

ప్రేమ ఒక్కటే చాలదు

ఇష్టమైనది చేస్తే చాలు, మిగతావన్నీ అవే వస్తాయని చెప్పే మాటలు వినడానికి బాగుంటాయి. శ్రీనివాస రామానుజన్ జీవితం చూడండి. 1904లో స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరాడు. లెక్కల్లో మునిగి మిగతా సబ్జెక్టులు పట్టించుకోలేదు. తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. తర్వాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలోనూ అదే కథ. 1912లో పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరి పొట్టపోసుకోవాల్సి వచ్చింది. అంతటి మేధావికే ఆ కష్టాలు తప్పలేదు. ఆయన్ని గుర్తించడానికి హార్డీ ఉన్నాడు. అందరికీ ఒక హార్డీ దొరకడు కదా!

రెండూ నిలబెట్టుకున్నవాళ్లూ మన మధ్యే ఉన్నారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన నగేశ్ కుకునూర్ అమెరికాలో ఇంజినీరుగా సంపాదించిన డబ్బుతోనే 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశాడు. సీబీఐటీలో ఇంజినీరింగ్ చదివిన శేఖర్ కమ్ముల 2007లో ఇంజినీరింగ్ పిల్లల కథనే ‘హ్యాపీడేస్’గా తీశాడు. చదువు వాళ్ల కళకి అడ్డు రాలేదు సరికదా, ఒకరికి పెట్టుబడి ఇచ్చింది, ఇంకొకరికి కథ ఇచ్చింది.

ఇంట్లో మాట

అసలు చర్చ జరిగేది కాలేజీలో కాదు, ఇంట్లో అన్నం దగ్గర. చాలా ఇళ్లలో ఇలా ఉంటుంది...

“డ్యాన్సు గీన్సు ఇప్పుడెందుకు బిడ్డా? నౌకరీ వచ్చినంక చేసుకో.”

“ఆదివారం పొద్దటిపూట ఒక్కటే నాయినా. మార్కులు తగ్గితే నేనే బంద్ చేస్త.”

ఆ నాన్న కోపిష్టి అని కాదు. బిడ్డ ఒక్క ఏడాది వెనకబడితే ఇల్లంతా వెనకబడుతుందన్న భయం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అలాగని బిడ్డ మాట కూడా తీసేయొద్దు. ‘నేనే బంద్ చేస్త’ అన్నదంటే తన రోజుకి తానే పూచీ తీసుకుంటోందని అర్థం. రెండేళ్లు బెల్లు చెప్పినట్టు నడిచిన పిల్ల నుంచి ఇంతకన్నా ఏం కావాలి? ఒక సెమిస్టరు గడువు ఇవ్వండి. హాజరు 80 శాతం పైన, ఒక్క సబ్జెక్టూ మిగలకూడదు అని ఇద్దరూ కలిసి హద్దు గీసుకోండి. ఆ హద్దులో ఉన్నంతకాలం గజ్జెల జోలికి రాకండి.

ఇంకో మాట. అన్ని ఇబ్బందులూ టైమ్‌టేబుల్‌తో తీరవు. అబ్బాయి తిండి మానేసినా, ఫోన్ చేస్తే ముభావంగా ఉన్నా, ఇష్టమైన ఆట కూడా వదిలేసినా మార్కుల సంగతి పక్కనపెట్టి ముందు మాట్లాడండి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416కి ఫోన్ చేస్తే నిపుణులు ఉచితంగా మాట్లాడతారు. సీనియర్ల వేధింపు అయితే ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. ఈ రెండు నెంబర్లూ పిల్లల ఫోన్లోనూ, మీ ఫోన్లోనూ ఉండాలి.

ఊరికి పేరిచ్చిన రాజు

ఇబ్రహీంపట్నం పేరు వెనక ఉన్నది గోల్కొండ నవాబు ఇబ్రహీం కుతుబ్‌షా. 1543లో తండ్రి హత్యకు గురయ్యాక ఈ రాజకుమారుడు ఇల్లు వదిలి బీదరుకీ, అక్కణ్నుంచి విజయనగరానికీ చేరాడు. పరాయి చోట ఏడేళ్లున్నాడు. అక్కడ తెలుగు రుచి మరిగాడు. 1550లో తిరిగొచ్చి సింహాసనమెక్కి ముప్ఫై ఏళ్లు ఏలాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆయనకే. తెలుగు కవులు ఆయన్ని ప్రేమగా ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. హుస్సేన్‌సాగర్ కట్టిందీ ఆయన కాలంలోనే.

చెరువు కట్టడం ఇంజినీరింగు. కావ్యం కళ. ఒకే రాజు కాలంలో రెండూ సాగాయి. ఆయన పేరున్న ఊళ్లో చదువుకునే పిల్లలు ఆ రెంటిలో ఒకటి తప్పక వదులుకోవాలని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ ఆదివారం ఓ అరగంట తీసుకోండి. అమ్మానాన్నలూ పిల్లలూ కలిసి కూచుని, తెల్లకాగితం మీద 168 అని రాయండి. గడిచిన వారం గంటలన్నీ నిజాయితీగా ఒక్కొక్కటే తీసేస్తూ వెళ్లండి. అడుగున మిగిలే అంకె ఎంత చిన్నదైనా సరే, దాని పక్కన పాటో, ఆటో, బొమ్మో... ఒక్క పేరు రాసి గోడకి అంటించండి. వచ్చే ఆదివారం మళ్లీ లెక్క చూసుకోండి.