పికప్ బండి: చిన్నదా.. పెద్దదా? జీఎస్టీ తగ్గిందని తొందరపడితే నెలనెలా జేబుకు చిల్లే!

వరంగల్: "ఎలాగూ రేటు తగ్గింది కదా.. ఇంకో రెండు లక్షలు వేసుకుని పెద్ద బండే తీసుకుందాం." జీఎస్టీ తగ్గినప్పటి నుంచి పికప్ కొనాలనుకునేవాళ్ల ఇళ్లల్లో వినిపిస్తున్న మాట ఇది. రోజూ ఊరి నుంచి వరంగల్ వచ్చిపోవాలి, సరుకు తేవాలి, సీజన్‌లో మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కి తోలాలి. అన్ని పనులూ ఒకే బండితో కావాలి. అలాంటప్పుడు 750 కిలోలు మోసే చిన్న ట్రక్కు చాలా? లేక టన్నున్నర మోసే పికప్ తీసుకోవాలా?

షోరూమ్‌లో అడిగితే బండి ఎంత మోస్తుందో చెబుతారు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏడాదిలో ఎన్ని రోజులు అంత బరువు మోస్తుంది? దీని జవాబు మీద రెండు లక్షల తేడా కాదు, నాలుగేళ్ల కిస్తీల భారం ఆధారపడి ఉంది. ఆ లెక్క ఏంటో చూద్దాం.

జీఎస్టీతో మిగిలేది ఎంత?

2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ట్రాక్టర్లపై 12 నుంచి 5 శాతానికి వచ్చింది.

పన్నుతో కలిపి 8 లక్షలున్న బండిని తీసుకుందాం. అందులో పన్ను తీసేస్తే అసలు ధర 6 లక్షల 25 వేలు. దానిపై 18 శాతం వేస్తే 7 లక్షల 37 వేల 500 అవుతుంది. అంటే కొనేవాళ్లకు మిగిలేది 62 వేల 500 రూపాయలు. మంచి మొత్తమే. కానీ ఇది ఒక్కసారి మిగిలే డబ్బు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మార్కెట్లో ఏమున్నాయి?

చిన్న ట్రక్కు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 2005లో వచ్చిన టాటా ఏస్. చోటా హాథీ అని పేరు పడిపోయింది. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో 750 కిలోలు మోస్తుంది, విడుదలప్పుడు ధర 3.99 లక్షల నుంచి మొదలైంది. మారుతీ సూపర్ క్యారీ కూడా ఈ తరగతిదే.

పై తరగతిలో మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన మహీంద్రా వీరో 1.6 టన్నుల దాకా మోస్తుంది, విడుదలప్పుడు ధర 7.99 లక్షల నుంచి మొదలైంది. ఇంకా పైకి వెళ్తే రెండు టన్నులు మోసే టాటా యోధా 2.0 ఉంది.

నర్సంపేట లెక్క

ఒక ఉదాహరణ అనుకుందాం. నర్సంపేట దగ్గర ఊళ్లో కిరాణా, కూరగాయల వ్యాపారం చేసే కుటుంబం. రోజూ వరంగల్ వచ్చి 500, 600 కిలోల సరుకు తీసుకెళ్తారు. రానుపోను 80 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు తిరిగితే 2,000 కిలోమీటర్లు. సొంతంగా మూడెకరాల మిర్చి కూడా ఉంది.

చిన్న బండి లీటరుకు 20 కిలోమీటర్లు, పెద్దది 13 ఇస్తుందనుకుందాం. నెలకు చిన్నదానికి 100 లీటర్లు, పెద్దదానికి దాదాపు 154 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 96 రూపాయలు వేసుకుంటే నెలకు తేడా సుమారు 5,170. ఏడాదికి 62 వేలు.

ఇందాకటి అంకె గుర్తుందా? జీఎస్టీ తగ్గి మిగిలిన 62 వేల 500 మొదటి ఏడాది డీజిల్ తేడాకే ఆవిరైపోతుంది. రెండో ఏడాది నుంచి అంతా చేతి డబ్బే.

ఇక కిస్తీలు. రెండు బండ్ల ధరల మధ్య తేడా 3 లక్షలు అనుకుని, పదిన్నర శాతం వడ్డీతో నాలుగేళ్లకు లోన్ తీసుకుంటే నెలకు అదనంగా దాదాపు 7,680 కట్టాలి. ఏడాదికి 92 వేలు. డీజిల్‌తో కలిపితే పెద్ద బండి కోసం ఏడాదికి లక్షా 54 వేలు ఎక్కువ పెడుతున్నట్టు.

మరి దానికి తగ్గ పని ఉందా? మిర్చి ఎకరాకు 20 క్వింటాళ్ల చొప్పున వేసుకున్నా మూడెకరాలకు 60 క్వింటాళ్లు, అంటే 6 టన్నులు. టన్నున్నర పికప్‌కి నాలుగు ట్రిప్పులు. చిన్న బండికి ఎనిమిది ట్రిప్పులు. అదీ ఒకేసారి కాదు, కోతలను బట్టి జనవరి నుంచి మే దాకా. ఊరి నుంచి ఎనుమాములకు పెద్ద బండి కిరాయి 2,500 అనుకుంటే నాలుగు ట్రిప్పులకు అయ్యేది 10 వేలు. ఆ 10 వేలు మిగుల్చుకోవడానికి లక్షా 54 వేలు ఖర్చు పెట్టడం ఏ లెక్కనా కుదరదు. ఇదే కిరాయి లెక్కన ఏడాదికి 61, 62 ట్రిప్పులు పెద్ద బరువు ఉంటేనే పెద్ద బండి ఖర్చు రాబట్టుకోగలదు.

పైన వేసుకున్న మైలేజీ, వడ్డీ, కిరాయి మీ దగ్గర వేరేగా ఉండొచ్చు. మీ అంకెలు పెట్టి ఇదే లెక్క వేసి చూడండి.

లెక్క ఎప్పుడు తిరగబడుతుంది?

రోజువారీ బరువే టన్ను దాటితే కథ మారిపోతుంది. రోజూ 1,200 కిలోలు తేవాలంటే చిన్న బండి రెండు ట్రిప్పులు తిరగాలి. అంటే 160 కిలోమీటర్లు, 8 లీటర్లు. పెద్దది ఒక్క ట్రిప్పులో 6 లీటర్ల పైచిలుకుతో పని ముగిస్తుంది. డీజిల్ తగ్గింది, సగం పూట సమయమూ మిగిలింది. తోటి రైతుల మిర్చి, పత్తి కూడా కిరాయికి తోలేవాళ్లకు, హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌కి వారంలో మూడు నాలుగు సార్లు వెళ్లేవాళ్లకు పెద్ద పికప్పే నయం. దాదాపు 150 కిలోమీటర్లు హైవే మీద లోడ్‌తో వెళ్లడానికి చిన్న ఇంజిన్ ఇబ్బంది పడుతుంది.

ఇంకో విషయం.. జాగా. పత్తి, మిర్చి బరువుకన్నా చోటు ఎక్కువ తింటాయి. సిమెంట్ దీనికి పూర్తిగా రివర్స్. 50 కిలోల బస్తాలు 15 వేస్తే చాలు, 750 కిలోలు అయిపోతుంది. చూస్తే ట్రాలీ ఇంకా ఖాళీగానే కనిపిస్తుంది. "జాగా ఉంది కదా" అని ఇంకో పది బస్తాలు వేయడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

చిన్నది కొని పెద్ద బరువు వేస్తే?

చాలామంది చేసేది ఇదే. చిన్న బండి కొంటారు, కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తారు, డబుల్ లోడ్ తోలుతారు. పట్టీలు వేస్తే బండి కిందికి కుంగదు. అంతే. బ్రేకులు, టైర్లు, ఇరుసు మాత్రం కంపెనీ ఇచ్చినవే. ఆగాల్సిన చోట బండి ఆగదు.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయిన తర్వాత ఓవర్‌లోడ్ గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. కానీ ఓవర్‌లోడ్ అనేది టిప్పర్ల సమస్య మాత్రమే కాదు. ఊళ్ల మధ్య తిరిగే చిన్న ట్రక్కులదీ అదే పరిస్థితి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20 వేల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ బండివాళ్లదే. రాష్ట్రాల్లో అక్కడికక్కడ వసూలు చేసే మొత్తం వేరుగా ఉండొచ్చు. యాక్సిడెంట్ జరిగితే మాత్రం అసలు చిక్కు వస్తుంది. ఓవర్‌లోడ్ ఉందని తేలితే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీకి పేచీ పెట్టే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

మీ బండి ఎంత మోయొచ్చో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడ్‌తో కలిపి మొత్తం బరువు రెండూ ఉంటాయి. మొత్తం 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,600 అయితే మిగిలిన 1,300 కిలోలే మీ హద్దు. క్యాబిన్‌లో కూర్చునే మనుషుల బరువు కూడా అందులోదే.

కూలీలను, చుట్టాలను ఎక్కిస్తే?

మిర్చి కోతలప్పుడు కూలీలను, జాతరప్పుడు ఇంటిల్లిపాదినీ ట్రాలీలో ఎక్కించుకోవడం మన దగ్గర మామూలు. 2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగిన మేడారం జాతర లాంటి సందర్భాల్లో "మన బండి ఉంది కదా, అందరం పోదాం" అనిపించడం సహజం. కానీ సరుకు బండి ట్రాలీలో మనుషులను తీసుకెళ్లకూడదు. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు ప్రమాదంలో ఏమైనా అయితే పరిహారం బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీపై ఉండదని సుప్రీంకోర్టు ఇరవై ఏళ్ల కిందటే తేల్చింది. సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమానికి, అతని మనిషికి మాత్రం చట్టంలో రక్షణ ఉంది. వాళ్లు కూడా క్యాబిన్‌లోనే కూర్చోవాలి, బస్తాల మీద కాదు.

కుటుంబం, సరుకు రెండూ ముఖ్యమైతే రెండు వరుసల సీట్లున్న డబుల్ క్యాబ్ పికప్‌లు చూడొచ్చు. బొలెరో క్యాంపర్ అలాంటిదే. ఏపీలోని శ్రీసిటీ ప్లాంట్‌లో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ కూడా ఉంది. అయితే వీ-క్రాస్ చూడటానికి పికప్ అయినా, 30 బస్తాలు వేసుకుని మార్కెట్‌కి వెళ్లే బండి కాదు. కారులా తిరగడానికి, అప్పుడప్పుడు సామాను వేసుకోవడానికి పనికొస్తుంది.

వెనక ట్రైలర్ లాగాలంటే?

అమెరికాలో ఈ చర్చ ఇంకోలా ఉంటుంది. టెక్సాస్‌లో ఉండే మన తెలుగువాళ్లు ఫోర్డ్ ఎఫ్-150 చాలా, ఎఫ్-250 కావాలా అని తర్జనభర్జన పడుతుంటారు. అక్కడ పడవలు, క్యాంపర్లు పికప్‌కే తగిలించి లాగుతారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బండి వెనక కొక్కెం మీద పడుతుంది, దాన్ని కూడా బండి మోసే బరువులోనే లెక్కేయాలి. ఇది తెలియక మోసపోయేవాళ్లు అక్కడా ఉంటారు.

మన దగ్గర లాగే పని ట్రాక్టర్‌ది. పొలంలో దిగేది, బురదలో బలంగా లాగేది అదే. పికప్‌కి ట్రైలర్ తగిలించాలంటే కంపెనీ మాన్యువల్‌లో అనుమతి ఉందో లేదో ముందు చూడాలి, ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాదికి నాలుగుసార్లు ట్రైలర్ లాగడం కోసం పెద్ద పికప్ కొనడం కన్నా ఊళ్లో ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకోవడమే మేలు.

3,000 కిలోల గీత

ఇది చాలామందికి తెలియదు. లోడ్‌తో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. కొన్ని పెద్ద పికప్‌లు ఈ గీతకు ఇటు ఉంటాయి, కొన్ని అటు. ఒకే మోడల్‌లో వేరియంట్ మారితే కూడా గీత దాటొచ్చు. కాబట్టి బుక్ చేసేముందే మొత్తం బరువు అడగండి.

ఫిట్‌నెస్ మాత్రం చిన్నదానికైనా పెద్దదానికైనా తప్పదు. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ప్రతి ఏటా చేయించాలి. లైసెన్స్ విషయంలో ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా వాహనాలను మామూలు ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న స్పష్టం చేసింది.

కరెంటు బండి సంగతేంటి?

రోజుకు 80 కిలోమీటర్లే తిరిగేవాళ్లు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఏస్ ప్రో ఎలక్ట్రిక్ ఒక్క ఛార్జింగ్‌తో 155 కిలోమీటర్లు వెళ్తుందని కంపెనీ చెబుతోంది. లోడ్‌తో, ఎండాకాలంలో అంత రాకపోయినా రానుపోను ప్రయాణానికి సరిపోయే అవకాశం ఉంది. తెలంగాణ ఈవీ పాలసీ ప్రకారం 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది. అయితే రాత్రిపూట ఇంటి దగ్గర నమ్మకంగా కరెంటు ఉండాలి.

మరి ఏది కొనాలి?

షోరూమ్‌కి వెళ్లేముందు ఒక నెల రోజులు నోట్‌బుక్‌లో రోజూ రెండు అంకెలు రాయండి. ఎన్ని కిలోలు తెచ్చారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగారు. నెల చివర్లో చూసుకోండి. ఎక్కువ రోజులు 700 కిలోల లోపే ఉంటే చిన్న బండి చాలు, సీజన్ బరువుకు కిరాయి బండి మాట్లాడుకోండి. లేదంటే రెండు ట్రిప్పులు తిప్పుకోండి. వారంలో సగం రోజులు టన్ను దాటుతుంటే మొహమాటం లేకుండా పెద్దదే తీసుకోండి. చిన్నది కొని రోజూ డబుల్ లోడ్ వేయడం పొదుపు కాదు, ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఎనుమాములలో కాంటా మీద బస్తా పెడితే కిలో తేడా వచ్చినా ఊరుకోం కదా. బండి కొనేటప్పుడు కూడా అంతే పట్టుదలగా మన అవసరాన్ని తూకం వేసుకోవాలి.