రుజువు ఎవరు చూపాలి?

ఇటీవల ఒక విద్యార్థి గోష్ఠిలో కొలంబియా వ్యోమనౌక ప్రసక్తి వచ్చింది. 2003 ఫిబ్రవరి 1న, నేల మీద దిగడానికి ఇంకా 16 నిమిషాలుందనగా, అది టెక్సస్ ఆకాశంలో ముక్కలైపోయింది. కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. నేను విచారణ సంఘం నివేదిక గురించి చెప్పబోతే ఒక అధ్యాపక మిత్రుడు అడ్డు తగిలాడు. "సర్కారు వేసిన సంఘం చెప్పినదాన్ని నమ్మేవాడు అభ్యుదయవాది ఎట్లా అవుతాడు?" అన్నాడు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నాయి.

మిత్రుడి వాదాలు మూడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఔత్సాహికుడు తీసిన ఫోటోలో నౌక జాడ మీదికి ఊదారంగు మెరుపు వంకరలు తిరుగుతూ దిగినట్టుంది. కాబట్టి ఏదో రహస్యాయుధం. ఇజ్రాయెల్ వైమానికుడు ఇలాన్ రామోన్ అందులో వున్నాడు; కాబట్టి విద్రోహం. ఇక మూడోది: ఆ రామోన్ 1981లో ఇరాక్ అణు రియాక్టరు మీద జరిగిన దాడిలో పాల్గొన్నవాడు, శకలాలు పడిన తూర్పు టెక్సస్‌లో పాలస్తీన్ అనే వూరుంది, కాబట్టి ఇది "చరిత్ర తీర్పు". ఏ మఠాధిపతో అయితే దీన్నే దైవాగ్రహం అనేవాడు. పేరు మార్చినంత మాత్రాన మూఢనమ్మకం చారిత్రక భౌతికవాదం అయిపోతుందా? తక్కిన ఆరుగురికి ఆ తీర్పు ఎందుకు వర్తించింది?

మిత్రుడి అనుమానానికి ఆధారం బొత్తిగా లేదనను. ప్రమాదమైన కొద్ది రోజులకే నాసా అధికారి ఒకరు, ఫోమ్ ముక్క వల్ల నౌక కూలిందంటే నమ్మశక్యంగా లేదన్నాడు. విచారణ సంఘాన్ని నియమించింది కూడా నాసాయే. దాని స్వతంత్రత మీద విమర్శలు వచ్చాక మరికొందరు సభ్యులను చేర్చారు. అనుమానించవలసిందే. కాని అనుమానం విమర్శకు మొదటి మెట్టు మాత్రమే. దానిమీదే కూచుని పైకి ఎక్కానంటే ఎట్లా?

చిత్రమేమిటంటే, మిత్రుడు దాచేశారంటున్న అంశాలను ఆ సంఘం పరిశీలించింది. ఫోటోలోని మెరుపు, కెమెరా కదలడం వల్ల పడ్డ గీత. విద్రోహానికి ఆధారం దొరకలేదు. సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి 18 రెట్ల వేగంతో పోయే నౌకను ఏ టెర్రరిస్టు కొట్టగలడు? పైగా కాలిఫోర్నియా మీద వుండగానే దాన్నుంచి ముక్కలు రాలడం మొదలైంది. దొరికిన శకలాలు 84,000 దాకా వున్నాయి. వాటిలో దొరికిన రికార్డరు, వేడి ఎడమ రెక్క అంచున ప్రవేశించిందని చూపింది. జనవరి 16న బయలుదేరిన 82 సెకండ్లకు ఇంధనపు టాంకు నుంచి వూడిన ముప్పాతిక కిలో ఫోమ్ ముక్క తగిలింది సరిగ్గా అక్కడే. జూలై 7న అలాంటి ముక్కనే అలాంటి రెక్క పలక మీదికి పేల్చి చూశారు. సుమారు 16 అంగుళాల రంధ్రం పడింది. ఆ రంధ్రం చూశాక మాటలతో పనేముంది?

అసలు నేరం ఫోమ్‌ది కూడా కాదు. ఆ చోటి ఫోమ్ అంతకుముందు కనీసం 6 ప్రయాణాల్లో వూడింది. ప్రమాదం రాలేదు గనక ప్రమాదం లేదనుకున్నారు. నౌక ఆకాశంలో వుండగా ఇంజనీర్లు మూడుసార్లు, సైన్యం కెమెరాలతో రెక్కను చూడాలని కోరారు, పైవాళ్లు పడనివ్వలేదు. నౌక సురక్షితమని అధికారులు రుజువు చేయవలసింది పోయి, ప్రమాదంలో వుందని ఇంజనీర్లే రుజువు చేయవలసివచ్చింది. చూడనివ్వకుండా రుజువు ఎట్లా తెస్తారు? 1986లో చాలెంజర్ పేలిన ముందురాత్రి, చలిలో వద్దన్న ఇంజనీర్లకూ ఇదే గతి పట్టింది. దీని వెనక 1993 నుంచి 2002 లోపల 13 శాతం కొనుగోలు శక్తి పోయిన బడ్జెట్టుంది. 1996లో నౌకల పనిని ప్రైవేటు కంట్రాక్టుకు అప్పగించిన విధానముంది. 2004 ఫిబ్రవరి 19 నాటికి అంతరిక్ష కేంద్రానికి ఒక భాగం చేర్చితీరాలనే గడువుంది. సంస్థ నడిచిన తీరుకు ఫోమ్‌తో సమానమైన పాత్ర వుందని ఆ నివేదికే రాసింది.

ఇప్పుడు మిత్రుణ్ణి అడుగుతాను. "కుట్ర లేదని నువ్వే రుజువు చెయ్యి" అన్నావు గదా. ఇంజనీర్లతో ఆ అధికారులు మాట్లాడిన తర్కం ఇదే కాదా? రుజువు భారాన్ని ఎదుటివాడి నెత్తిన పెట్టి హాయిగా కూచోడం అక్కడ ఏడుగురి ప్రాణాలు తీసింది. ఇక్కడ మన విద్యార్థుల బుద్ధి తీస్తుంది.

మెరుపును నిందిస్తే ఏ అధికారీ జవాబు చెప్పనక్కర్లేదు. చరిత్ర తీర్పంటే ఏ కంట్రాక్టరూ బోనెక్కనక్కర్లేదు. కుట్ర సిద్ధాంతం పాలకులకు చేసే సేవ అదే. చప్పట్లు కొట్టిన విద్యార్థులను నేను కోరేది ఒకటే: ఆ నివేదికను ముందు చదవండి, చదివి అనుమానించండి. మీ అనుమానానికి అందులో నా వ్యాసంలోకన్నా పదునైన ఆయుధాలు దొరుకుతాయి.