చెప్పులకు కాపలా ఎవరు?



సంచికకు ఏదైనా రాసి ఇమ్మని యూనియన్ వాళ్ళు అడిగినప్పుడు నిరుద్యోగం గురించి రాద్దామా, పరీక్షల పద్ధతి గురించి రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ రెండింటి మీదా నాకంటే బాగా రాయగలవాళ్ళు మన కళాశాలలో బోలెడుమంది ఉన్నారు. అందుకని కొన్నాళ్ళుగా నా మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న ఒక చిన్న విషయం రాస్తున్నాను. అది రోలర్ కోస్టర్ల గురించి. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కానీ చివరిదాకా చదివి నవ్వమని మనవి.

మా హాస్టల్ గదిలో ఇద్దరు మిత్రులున్నారు. ఒకడిది వేగం పార్టీ, ఇంకొకడిది కథ పార్టీ. ప్రపంచంలో ఏ మూల ఏ వినోద పార్కులో కొత్త రైడ్ వస్తున్నదన్నా వీళ్ళకు తెలిసిపోతుంది. దాని ఎత్తెంత, వేగమెంత, డిజైన్ చేసిందెవరు, అన్నీ నోటికి వచ్చు. ఇదేదో వీళ్ళిద్దరి పిచ్చే అనుకున్నాను మొదట. కాదట! అమెరికాలో 1978లోనే రోలర్ కోస్టర్ అభిమానులు ఒక సంఘమే పెట్టుకున్నారు. మనవాళ్ళు క్రికెట్ జట్టు ఎంపిక మీద ఎలా కొట్టుకుంటారో, వాళ్ళు కొత్త రైడ్ మీద అలా వాదించుకుంటారు. "ఎత్తూ వేగమూ లేనిది అదేం రైడ్రా?" అంటాడు మొదటివాడు. "కథ లేకుండా ఊరికే పైకీ కిందికీ పడెయ్యడానికైతే లిఫ్ట్ చాలదుట్రా?" అంటాడు రెండోవాడు. మెస్‌లో సాంబారు చల్లారిపోయినా ఈ వాదన చల్లారదు.

ఏడాదిపాటు ఇద్దరి మాటలూ విన్నాను. నాకు తోచిందేమిటంటే, ఈ ఇద్దరూ మరిచిపోయిన మూడో పార్టీ ఒకటుంది. అది కింద నిలబడి చెప్పులకు కాపలా కాసేవాళ్ళ పార్టీ.

మాది పల్నాడు. మిరప, పత్తి వేసే ఇల్లు. ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పోవడం మాకు అలవాటు. జెయింట్ వీలు, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్, రంగులరాట్నం, అన్నీ నేను మొదట చూసింది తిరునాళ్ళలోనే. పిల్లలం పరుగెత్తుకెళ్ళి ఎక్కేవాళ్ళం. మా నాయనమ్మ కింద నిలబడి, ఒక చేత్తో మా చెప్పులు, ఇంకో చేత్తో జీళ్ళ పొట్లం పట్టుకుని, మేం పైకి వెళ్ళినప్పుడల్లా తల ఎత్తి చూసేది. "నువ్వూ రావే నాయనమ్మా" అంటే, "నాకెందుకులేరా, మీ చెప్పులు ఎవరు చూస్తారు?" అనేది. ఆమెకు ఎత్తంటే భయం అనుకున్నాను, పదిహేనేళ్ళు.

ఈమధ్య ఇంటికి వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాను. ఆమె చెప్పిన జవాబు విని నా ఫిజిక్సు చదువు సిగ్గుపడింది. "ఎత్తుకు భయమేందిరా? కొండ మెట్లన్నీ కాలినడకన ఎక్కిన దాన్ని. ఆ తొట్టి ఉయ్యాల్లాగా ఊగుతుంటే వాడు ఎక్కు ఎక్కు అని తొందర చేస్తాడు. పట్టుకోను ఏమీ ఉండదు. చీర కట్టుకున్న దాన్ని, కాలు అంతెత్తున ఎట్లా వేసేది?" అంది. భయం పైన కాదు, కింద! ఒక్క అడుగు దగ్గర! చక్రం పూర్తిగా ఆపి, ఒక చెక్క మెట్టు వేసి, పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టి ఉంటే ఆమె ఎప్పుడో ఎక్కేది. ఆ మూడింటి ఖరీదు ఆ వీలుకు కట్టిన రంగు దీపాల ఖరీదులో ఎంత?

రెండోది మొన్నటి మా విహారయాత్ర సంగతి. తరగతి అంతా కలిసి ఒక పెద్ద పార్కుకు వెళ్ళాం. మా మిత్రుడొకడు చిన్నప్పటినుంచీ చేతికర్రతో నడుస్తాడు. పెద్ద రైడ్ దగ్గర వాణ్ణి ఎక్కనివ్వరని తెలిసింది. "మీరు వెళ్ళిరండ్రా, బ్యాగులు నేను చూస్తాను" అన్నాడు నవ్వుతూ. మేం వెళ్ళాం. ఒకసారి కాదు, మూడుసార్లు ఎక్కాం. దిగి వచ్చేసరికి వాడు ఇరవైరెండు బ్యాగుల మధ్య బెంచీ మీద కూర్చుని, మూడోసారి తిరిగినప్పుడు ఏ కేక ఎవరిదో వరసగా చెప్పాడు. అందరం పడీ పడీ నవ్వాం. ఆ రాత్రి బస్సులో మాత్రం నాకు నవ్వు రాలేదు. వాడంత శ్రద్ధగా మా కేకలు ఎందుకు విన్నాడు? వినడం తప్ప వాడికి వేరే పని లేదు గనక. (ఈ పేరా వాడికి చూపించి, సరేనన్న తర్వాతనే అచ్చుకు ఇస్తున్నాను.)

ఇప్పుడు మా గది వాదన దగ్గరికి వస్తాను. వేగం పార్టీవాణ్ణి ముందు అడుగుతాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక పార్కులో 2005లో కింగ్డా కా అనే కోస్టర్ వచ్చింది. ఎత్తు 139 మీటర్లు, వేగం గంటకు 206 కిలోమీటర్లు. అప్పటికి ప్రపంచంలో దాన్ని మించింది లేదు. క్యూలో గంటల తరబడి నిలబడితే, ఎక్కి దిగేది అర నిమిషంలో! 2024లో దాన్ని మూసేశారు, 2025 ఫిబ్రవరిలో మందుగుండు పెట్టి కూల్చేశారు. ఇరవై ఏళ్ళు నిండలేదు. కోటప్పకొండలో మా ఊరి ప్రభ ఎత్తా, మీ ఊరి ప్రభ ఎత్తా అని పందెం వేసుకుంటాం. ప్రభకైతే ఎత్తే అందం, అది దేవుడికి చూపించుకునేది. మనిషి కూర్చునే యంత్రానికి అదే కొలత ఎలా అవుతుంది? మా నాన్న పత్తి చేలో అంటుంటాడు: "మొక్క ఎత్తు చూసి మురిసిపోకురా, కాపు చూడు." యూరియా గుమ్మరిస్తే మొక్క ఏపుగా పెరుగుతుంది, కాయ దిగదు.

డిజైన్ గొప్పతనం ఎత్తులో కాదు, శరీరం పట్ల మర్యాదలో ఉందనడానికి మన సైన్సు విద్యార్థులకు నచ్చే ఉదాహరణ ఒకటుంది. 1895లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైడ్ పెట్టారు. మనిషిని తలకిందులుగా తిప్పే లూపు. అది గుండ్రని లూపు. ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేసేవి. ఎందుకో మనం లెక్క వేసుకోవచ్చు. గుండ్రని లూపులో పైన పడిపోకుండా ఉండేటంత వేగమే ఉన్నా, కిందికి వచ్చేసరికి మనిషి తన బరువుకు ఆరు రెట్లు మోస్తాడు. బి.ఎస్‌సి. మొదటి ఏడాది లెక్కే ఇది. వేగం కాస్త ఎక్కువైతే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఎనభై ఏళ్ళ తర్వాత, 1976లో, కాలిఫోర్నియాలో రివల్యూషన్ అనే కోస్టర్ వచ్చింది. జర్మనీకి చెందిన ష్వార్జ్‌కాఫ్, స్టెంగెల్ అనే ఇద్దరు దానికి గుండ్రని లూపు కాకుండా, నీటిబొట్టు ఆకారంలో, కింద వెడల్పుగా పైన ఇరుకుగా ఉండే లూపు కట్టారు. కింద వ్యాసార్ధం పెద్దది గనక భారం తగ్గుతుంది, పైన చిన్నది గనక తక్కువ వేగంతోనే దాటిపోవచ్చు. ఇదీ తెలివి! కేక అలాగే ఉంది, మెడనొప్పి పోయింది.

కథ పార్టీవాడు ఇక్కడ మీసం మెలేస్తాడు గనక వాణ్ణీ ఒక మాట అడగాలి. డిస్నీ పార్కుల్లో స్ప్లాష్ మౌంటెన్ అని ఒక నీటి రైడ్ ఉండేది. 1946 నాటి ఒక సినిమా పాత్రలతో కట్టింది. ఆ సినిమా అమెరికాలోని నల్లజాతివాళ్ళ జీవితాన్ని తోటల్లో హాయిగా గడిచినట్టు చూపించిందని ఏళ్ళ తరబడి విమర్శ. కథ మారుస్తామని 2020లో ప్రకటించారు. 2024లో ఫ్లోరిడాలోనూ కాలిఫోర్నియాలోనూ టియానా అనే నల్లజాతి యువతి కథతో తిరిగి తెరిచారు. ఆమె వంటమనిషిగా పైకి వచ్చి, పనిచేసేవాళ్ళే యజమానులైన సహకార సంఘం ఒకటి నడుపుతుంటుంది. పండుగకు బ్యాండు మేళం కావాలి, వాయించేవాళ్ళను వెతుకుతూ మనల్ని తీసుకెళ్తుంది. అంతే కథ.

అభిమానులు రెండుగా చీలిపోయారు. "పాతదాంట్లో నక్క కుందేలును తరిమేది, పెద్ద జారుడుకు అర్థం ఉండేది. ఇందులో విలన్ లేడు, ఎందుకు పడుతున్నామో తెలీదు" అని కొందరు. నిజం చెప్పొద్దూ, ఆ మాటలో కొంత న్యాయం ఉందనే నేనూ అంటాను. పడటానికి కారణం ఉండాలి, కథకుడి పని అది. కానీ మార్చనే కూడదన్నవాళ్ళతో మాత్రం ఏకీభవించలేను. ఎందుకంటే చెక్క బెంచీ ఒక్కటే మనిషిని కింద కూర్చోబెట్టదు, కథ కూడా కూర్చోబెడుతుంది. తన తాత ముత్తాతల కష్టాన్ని తమాషాగా చూపించిన కథలో ఏ పిల్లవాడు మనసారా కేక వేయగలడు? విలన్ లేకపోవడం కొత్త రైడ్‌లో లోపమే, దిద్దుకోవచ్చు. ఒక జాతిని బెంచీ మీద కూర్చోబెట్టడం అలా దిద్దుకునే లోపం కాదు. (పాల సంఘం మెట్లెక్కి పెరిగినవాణ్ణి, సహకార సంఘం మీద రైడ్ కట్టారంటే నాకు కాస్త ముచ్చటేసిందని ఒప్పుకుంటాను!)

తమాషా ఏమిటంటే, ఈ పార్కుల పుట్టుకే ఒక బెంచీ మీద జరిగింది. వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళిద్దరినీ లాస్ ఏంజెలిస్‌లో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండకూడదా అని అనుకున్నాడట. ఆయనే చెప్పుకున్న మాట. 1955లో డిస్నీలాండ్ తెరిచారు. అక్కడే 1969లో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇల్లు వచ్చింది. అది భయపెట్టాలా నవ్వించాలా అని డిజైనర్లలోనే తగువు. క్లాడ్ కోట్స్ భయం వైపు, మార్క్ డేవిస్ నవ్వు వైపు. చివరికి మొదటి సగం భయంగా, రెండో సగం సరదాగా కట్టారు. మనవరాలూ అమ్మమ్మా ఒకే బండిలో కూర్చుని ఒకరు జడుసుకుంటే ఒకరు నవ్వుకోవచ్చు. వాదన అంటే అలా ముగియాలి.

ఇంకో అడుగు ముందుకు వేసినవాళ్ళూ ఉన్నారు. టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో 2010లో మోర్గాన్స్ వండర్‌లాండ్ అనే పార్కు తెరిచారు. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన, మిగతా పిల్లలతో కలిసి ఆడుకోలేకపోయిన తన కూతురి కోసం ఆలోచించి కట్టించాడు. అక్కడి రంగులరాట్నంలో చక్రాల కుర్చీతో సహా ఎక్కవచ్చు. గుర్రాలతోపాటు కుర్చీ కూడా పైకీ కిందికీ ఆడుతుంది. వికలాంగులకు ప్రవేశ రుసుము లేదు. దీని ఎత్తెంత అని ఎవరైనా అడుగుతారా?

"అయితే పెద్ద రైడ్లన్నీ పడగొట్టి అందరం రంగులరాట్నం ఎక్కాలా?" అని మా వేగం పార్టీవాడు అరుస్తాడని నాకు తెలుసు. వద్దురా నాయనా! ఆ రోజు మూడుసార్లు ఎక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇరవై ఏళ్ళ వయసులో గుండె నోట్లోకి రావడం ఒక సుఖమే. కొన్ని యంత్రాలు కొన్ని శరీరాలకు పనికిరావు. భద్రత కోసం పెట్టిన నిబంధనను తప్పుపట్టే మూర్ఖుణ్ణి కాను. నేను అడిగేది ఒక్కటే. కొత్త రైడ్ గురించి వాదించేటప్పుడు ఎత్తెంత, కథేమిటి అనే రెండు ప్రశ్నలకు మూడోది చేర్చండి: ఇది వచ్చాక బెంచీ మీద ఎంతమంది మిగులుతారు? వాళ్ళలో యంత్రం వల్ల మిగిలేదెందరు, ఒక చెక్క మెట్టు లేక మిగిలేదెందరు?

మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు మేష్టర్లవుతారు. రైడ్లు కట్టకపోయినా బస్సు మెట్లు, బ్యాంకు మెట్లు, ఆసుపత్రి మెట్లు కడతారు. ఈ ప్రశ్న అక్కడా పనికొస్తుంది. అంతదాకా ఎందుకు, వచ్చే ఏడాది విహారయాత్రకు చోటు నిర్ణయించేటప్పుడు చేతులెత్తించి లెక్కపెట్టే ముందు, ఎక్కలేనివాళ్ళను ఒక్క మాట అడగమని యూనియన్‌కు నా విన్నపం. వాళ్ళ వంతు కేకలు కూడా మనం విందాం.

వచ్చే శివరాత్రికి మా నాయనమ్మను మళ్ళీ తిరునాళ్ళకు తీసుకెళ్తాను. మోకాళ్ళు మునుపటిలా లేవు. జెయింట్ వీలు అతన్ని బతిమాలి చక్రం పూర్తిగా ఆపిస్తాను. ఇంటినుంచి పీట ఒకటి పట్టుకెళ్తాను. మా చెల్లి ఆమె పక్కన కూర్చుంటుంది.

చెప్పులంటారా? చెప్పులు నేను చూస్తాను.

– బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థి