టెస్ట్ రిపోర్టులో నిజం ఉండాలి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం టెస్టర్ల ప్రణాళిక

మా మూడు ఊళ్ల నుంచి బెంగళూరు రైలెక్కి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలకు పోయినవాళ్లం, ఇంటి నుంచే లాగిన్ అవుతున్నవాళ్లం, టీములు నడిపే లీడ్లం కలిసి ఈ ప్రణాళిక రాసుకున్నాం. మా పట్టు ఒక్కటే. రిలీజ్‌కు ముందు టెస్ట్ లీడ్ ఇచ్చే రిపోర్టు నిజం చెప్పాలి. ఏం చూశాం, ఏం చూడలేదు, చూడనిచోట ఎవరికి ఏ నష్టం జరగొచ్చు అన్నవి అందులో ఉండి తీరాలి.

ఇప్పటి రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించేవి అంకెలు. ఎన్ని టెస్ట్ కేసులు, ఎన్ని పాస్, ఎన్ని ఫెయిల్. పాస్ శాతం బాగుందనగానే మీటింగ్ ముగిసిపోతుంది. ఫెయిలైన ఆ కొన్నింటిలో డబ్బు చెల్లింపు ఉందా, బటన్ రంగు ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

ధర్మవరంలో ఏళ్ల తరబడి మగ్గం నేసిన పెద్దాయన రేషన్ షాపుకు వస్తాడు. వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ మెషిన్ మీద వేలు పెడతాడు. తీసుకోదు. పంచెకు తుడుచుకుని మళ్లీ పెడతాడు, ఇంకో వేలు పెడతాడు. వెనక లైన్ పెరుగుతుంటుంది. ఆఫీసులో కుర్ర ఇంజనీరు వేలితో చూసి ‘పాస్’ అని రాసుకున్న టెస్ట్ కేసులో ఈ అరిగిన వేలు లేదు. ఇలాంటి వేళ్లను తలచుకుని టెస్ట్ ప్లాన్ రాయగలవాళ్లు మా ఊళ్లలోనే ఉన్నారు. అందుకే ఈ పని ఇక్కడ మొదలుపెడుతున్నాం.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. 2022 అక్టోబరులో ఆ కంపెనీ 44,174 కారెన్స్ కార్లను వెనక్కి పిలిచింది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండే అవకాశం ఉందనీ, అవసరమైతే ఉచితంగా అప్‌డేట్ చేస్తామనీ చెప్పింది. లోపం ఉండొచ్చని బయటికి చెప్పడం మంచి పద్ధతే. మా పోరాటం ఆ మాట కారు రోడ్డెక్కకముందే టీములో వినిపించాలని.

కోడ్ ఆలస్యంగా వచ్చినా రిలీజ్ తేదీ కదలదు. కోత టెస్టింగ్ మీదే పడుతుంది. ఆ కోతను మేము దాచం. ఏది వదిలేశామో, ఎవరు వదిలేయమన్నారో అదే రోజు రాసి పంపిస్తాం. రిలీజ్ చేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ప్రాజెక్టు బాధ్యులది. ఆ పెత్తనం మాకొద్దు. నిర్ణయించేవాళ్ల ముందు పూర్తి సమాచారం పెట్టడం మా పని, అందులో రాజీ లేదు.

బగ్గుల సంఖ్యను బట్టి టెస్టర్‌కు రేటింగ్ ఇచ్చే పద్ధతి పోవాలి. అలా లెక్కగడితే ఒకే లోపం నాలుగు టికెట్లవుతుంది, డెవలపర్‌తో రోజూ తగాదా అవుతుంది. దానికి బదులు సోదరులు జేమ్స్ బాక్, జోనథన్ బాక్ 2000లో ముందుకు తెచ్చిన సెషన్ పద్ధతిని మా టీముల్లో పాటిస్తాం. సుమారు 90 నిమిషాలు ఒకే లక్ష్యం మీద పనిచేయాలి. మధ్యలో ఫోన్లుండవు, మీటింగులుండవు. తర్వాత లీడ్ పక్కన కూర్చుని ఏం కనబడింది, ఎక్కడ అనుమానం మిగిలింది అని అడుగుతాడు. టీము నడపడమంటే ముఖ్యంగా ఈ మాటామంతీనే. ఎక్సెల్ షీట్‌లో రంగులు నింపడం దీనికి సాటి రాదు.

కొత్తగా చేరిన పిల్లలను ‘కోడింగ్ రాలేదు, టెస్టింగ్‌లో వేయండి’ అని తోసేయడాన్ని మేము ఒప్పుకోం. మొదటి నెల నుంచే వాళ్లకు వినియోగదారుడిని చూపించాలి: బస్టాండు కౌంటర్, రేషన్ షాపు, బ్యాంకు క్యూ. ప్రొడక్షన్‌లో బగ్ దొరికితే ‘ఎవరు వదిలేశారు’ అన్న ప్రశ్న మా సమావేశాల్లో రాదు. ఎందుకు కనబడలేదన్నదే చర్చిస్తాం. రాత్రంతా రిలీజ్ పనిలో ఉన్నవాళ్లకు మర్నాడు సెలవు ఇస్తాం. కాంట్రాక్టు ఉద్యోగికైనా అంతే.

హిందూపురానికీ ధర్మవరానికీ మధ్యలో ఉంది కాబట్టి పెనుకొండలో కలుస్తాం. చర్చ తెలుగులోనే. చందా లేదు, సర్టిఫికెట్ అడగం. వచ్చేవాళ్లు కంపెనీ పేరూ, కస్టమర్ వివరాలూ తీసేసి, తాము రాసిన టెస్ట్ రిపోర్టు ఒకటి తీసుకురావాలి. ఆ రిపోర్టులో ఏం చూడలేదన్నది ఎక్కడుందో మొదట వెతుకుతాం.