వంటింటి సొరంగం

మా అత్తమ్మ సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అనే అంటుంది. ఆమెకు లష్కర్ అంటే మహంకాళి బోనాలు, పెద్ద స్టేషను, దవాఖాన. 1798 ఒప్పందం తర్వాత ఇంగ్లిషు దండు అక్కడ దిగిందని, 1806లో నిజాం సికందర్ జా పేరు ఆ ఊరికి పెట్టారని మా అమ్మాయి చెబితే, "గందుకేనా లష్కర్ అనేది!" అని ఆశ్చర్యపోయింది.

మొన్న ఆదివారం అందరం ఆలేరులో రైలెక్కి, అటునుంచి బొల్లారం రాష్ట్రపతి నిలయానికి వెళ్ళాం. 1860లో కట్టిన ఆ ఇల్లు ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిది. ఇదివరకు ఏడాదికి కొన్ని రోజులే చూడనిచ్చేవారు. 2023 మార్చి నుంచి ఏడాదంతా తెరిచే ఉంచుతున్నారు, సోమవారాలూ సెలవులూ తప్ప.

తొంభై ఎకరాల్లో ఎన్ని చెట్లో! నక్షత్రవనంలో ఇరవై ఏడు నక్షత్రాలకూ మొక్కలున్నాయి. నీదేదని అత్తమ్మను అడిగాను. "ఆడపిల్ల పుడితే ఎవలు రాసిపెట్టిన్రు బిడ్డా" అంది. పిల్లలు పరుగెత్తారు, మావారు ఫోటోలు తీశారు. నేను మాత్రం గడియారం చూసుకుంటూ తిరిగాను. నాలుగింటికి లేచి కలిపిన పులిహోర, ఎండకు పాడవుతుందేమోనన్న పెరుగన్నం, ఎవరు ఎప్పుడు ఆకలంటారో!

అక్కడ ఒక సొరంగం ఉంది. వంటగది విడిగా ఉంటుంది, అక్కడి నుంచి భోజనాల గదికి వంటకాలు తీసుకెళ్ళడానికి భూమి కింద కట్టారు. ఇప్పుడు గోడల నిండా మన పక్కనున్న చేర్యాల బొమ్మలు వేశారు. ముచ్చటగా ఉంది. కానీ నాకు మాత్రం వేడి గిన్నెలు పట్టుకుని నడిచిన వాళ్ళే గుర్తొచ్చారు. పైన తోట చూస్తూ తినేవాళ్ళకు వాళ్ళు కనిపించి ఉండరు.

మన ఇళ్ళల్లో సొరంగం లేదుగానీ పద్ధతి అదే. విహారం అంటే మనకు వంటిల్లు మోసుకెళ్ళడమే. బయట తిండి పడదంటారు, డబ్బు దండగ అంటారు. రెండూ నిజమే, ఐదుగురికి హోటల్ బిల్లు నాకూ తెలుసు. అయితే ఇంటి తిండి కావాలనుకున్నవాళ్ళు ఒక డబ్బా సర్దితే తప్పేంటి?

మగవాళ్ళను అనేముందు నా సంగతీ చెప్పాలి. బయటికొచ్చి చెట్టు కింద డబ్బాలు తెరిచినప్పుడు, వడ్డించమని నేను పిలిచింది అమ్మాయినే. అబ్బాయి పక్కనే కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నాకది తోచనేలేదు. "తమ్ముడికి చేతుల్లేవా?" అని అమ్మాయి అడిగితే ముందు కోపమే వచ్చింది. అత్తమ్మ మాత్రం గరిటె తీసి మనవడి చేతిలో పెట్టింది.

వాడు నాకు వడ్డించిన పులిహోరలో సగం గడ్డి మీద పడింది. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్దామంటున్నారు. డబ్బా వాడే సర్దాలని చెప్పాను. మావారు నీళ్ళ సీసాలు తెస్తానన్నారు. చూద్దాం.